శిశు మానసిక ఆరోగ్యంలో రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్

చంటిబిడ్డలున్న కుటుంబాలతో పనిచేసే నర్సులు, సామాజిక కార్యకర్తలు, మనస్తత్వ చికిత్సకులు, ఎదుగుదల లోపాలున్న పిల్లలకు తోడ్పడే థెరపిస్టులు తమకంటే అనుభవజ్ఞులైన ఒకరితో క్రమం తప్పకుండా కూర్చుని, ఆ ఇళ్లలో తాము చూసినదాన్నీ, చేసినదాన్నీ, అప్పుడు తమలో కలిగిన భావాలనూ నింపాదిగా తిరిగి పరిశీలించుకునే పద్ధతిని రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ అంటారు. పునరాలోచన పర్యవేక్షణ అని చెప్పుకోవచ్చు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1970లలో ఊపిరి పోసుకున్న ఈ పద్ధతి నేడు ఆ దేశంలో శిశు మానసిక ఆరోగ్య రంగానికి వెన్నెముకగా ఉంది. సూపర్‌వైజర్ అదే సంస్థలో పనిచేసేవారు కావచ్చు, బయటి నుంచి వచ్చే నిపుణులు కావచ్చు. బయటివారైతే దాన్ని రిఫ్లెక్టివ్ కన్సల్టేషన్ అంటారు. రెండింటి సారం ఒకటే.

బిడ్డను సాకే తల్లికి ఆసరా ఉండాలి. ఆ తల్లికి ఆసరాగా వెళ్లే ఉద్యోగికి కూడా ఎవరో ఒకరు ఆసరాగా నిలబడాలి. ఈ పద్ధతికి పునాది అదే. ఉద్యోగుల సంక్షేమం కోసం ఇచ్చే అదనపు సదుపాయంగా దీన్ని చూడడం పొరపాటు. ఉద్యోగి మనసులో ఏం జరుగుతోందన్నది బిడ్డకు అందే చికిత్సలో భాగమని ఈ రంగంలోనివారు నమ్ముతారు. ఈ వ్యాసంలో చెప్పే విషయాలన్నీ ఆ నమ్మకం చుట్టూనే తిరుగుతాయి.

పని స్వభావం

శిశు మానసిక ఆరోగ్యం అంటే పుట్టినప్పటి నుంచి సుమారు మూడేళ్ల వరకు బిడ్డ భావోద్వేగాలు, అనుబంధాలు ఎలా ఎదుగుతాయో గమనించి, అవి దెబ్బతిన్నచోట సరిదిద్దే రంగం. చాలాచోట్ల గర్భిణి దశ నుంచే పని మొదలవుతుంది. బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ విన్నికాట్ ఒక మాట స్పష్టం చేశారు: పసిబిడ్డను విడిగా చూడడం కుదరదు, బిడ్డ ఉన్నచోట సాకే మనిషి కూడా ఉండి తీరాలి. కాబట్టి ఇక్కడ చికిత్స పొందేది బిడ్డ ఒక్కటే కాదు, తల్లి ఒక్కతే కాదు. ఆ ఇద్దరి మధ్య ఉన్న బంధానికే చికిత్స.

ఆ బంధం ఎంత సున్నితమో 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగం కళ్లకు కట్టింది. బిడ్డతో ముచ్చటలాడుతున్న తల్లి, చెప్పిన ప్రకారం ఒక్కసారిగా ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది. తల్లి ముఖం మారకపోతే కాసేపటికి చూపు తిప్పేసుకుంటుంది, ఒళ్లు వాల్చేస్తుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల వ్యవహారం. ప్రసవం తర్వాతి కుంగుబాటులో ఉన్న తల్లుల ఇళ్లకు వెళ్లే ఉద్యోగి ఇలాంటి నిమిషాలను వారం వారం చూస్తుంది. నోరు విప్పి చెప్పలేని బిడ్డ ఏడుపు ఎదుట కూర్చున్న పెద్దవాళ్లను కదిలించకుండా వదలదు. చేతులు ఊరుకోవు. బిడ్డను తల్లి దగ్గర నుంచి లాక్కుని తానే ఊరడించాలనిపిస్తుంది. తల్లి మీద కోపం వస్తుంది. లేదంటే తల్లి కష్టంలో మునిగిపోయి, పక్కనే పడుకోబెట్టిన బిడ్డ సంగతే మరిచిపోవడం జరుగుతుంది. ఈ మూడూ సహజమే. మూడింటిలో ఏదైనా సరే, గుర్తించకపోతే తల్లీబిడ్డల బంధానికి చేటు తెస్తుంది.

ఆన్ ఆర్బర్ వంటిళ్లు

ఈ రంగానికి పేరు పెట్టి, రూపం ఇచ్చిన మనిషి సెల్మా ఫ్రైబర్గ్ (1918–1981). సామాజిక కార్యకర్తగా, మనోవిశ్లేషకురాలిగా శిక్షణ పొందిన ఆమె చిన్నపిల్లల మనసు గురించి 1959లో రాసిన ‘ది మ్యాజిక్ ఇయర్స్’ తల్లిదండ్రుల్లో ఎంతో ఆదరణ పొందింది. పుట్టు అంధులైన శిశువులను ఏళ్ల తరబడి వారి ఇళ్లలోనే గమనించారు. చూపులు కలవని బిడ్డతో తల్లికి అనుబంధం ఎలా కుదురుతుందో వెతికిన ఆ అనుభవం తర్వాతి పనికి దారి తీసింది. 1970ల మొదట్లో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చైల్డ్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు నడిపారు. అక్కడి ఉద్యోగులు క్లినిక్‌లో కూర్చుని కుటుంబాలు వచ్చేదాకా ఎదురుచూడలేదు, తామే ఇళ్లకు వెళ్లారు. వంటింటి బల్ల దగ్గర, ఉతకాల్సిన బట్టల పక్కన, టీవీ మోగుతుండగా చికిత్స సాగింది.

1975లో ఎడ్నా ఆడెల్సన్, వివియన్ షపీరోలతో కలిసి ఫ్రైబర్గ్ ప్రచురించిన ‘గోస్ట్స్ ఇన్ ది నర్సరీ’ వ్యాసం ఈ రంగంలో నేటికీ ప్రతి విద్యార్థీ చదివే పాఠం. తల్లిదండ్రుల బాల్యంలో మానకుండా మిగిలిన గాయాలు వాళ్ల బిడ్డ ఉయ్యాల దగ్గరికి దయ్యాల్లా వచ్చి నిలుస్తాయన్నది ఆ వ్యాసం చెప్పే విషయం. అందులోని మొదటి కథ అయిదున్నర నెలల మేరీది. బిడ్డ తల్లి చేతుల్లోనే గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి చూపు ఎక్కడో ఉంది, ఊరడించే ప్రయత్నమే లేదు. బిడ్డకు పరీక్ష చేసినప్పటి వీడియోను బృందమంతా తర్వాత కూర్చుని చూసింది. ఈ తల్లికి తన బిడ్డ ఏడుపు వినిపించడం లేదా ఏమిటని ఒకరినొకరు ఆశ్చర్యంగా అడిగారు. చికిత్స మొత్తానికీ ఆ ప్రశ్నే దారి చూపింది. ఆ తల్లి బాల్యంలో ఆమె ఏడుపును విన్నవాళ్లు లేరు. ఆమె ఏడుపును ఎవరైనా వింటే, ఆమె తన బిడ్డ ఏడుపు వినగలదని వాళ్లు ఊహించారు. ఆడెల్సన్ ఆ ఇంటికి వెళ్లి ఆ తల్లి గోడు వింది. తన గుండెలోని దుఃఖం బయటికి వచ్చే కొద్దీ తల్లి బిడ్డను దగ్గరికి తీసుకోవడం మొదలుపెట్టింది.

చదివినవాళ్లు ఎక్కువగా ఆ తల్లిని గుర్తుపెట్టుకుంటారు. నిజానికి ఆ వీడియో ముందు కూర్చున్న బృందాన్ని కూడా అంతే గుర్తుపెట్టుకోవాలి. ఇంటికి వెళ్లిన మనిషి ఒక్కతే ఉండి ఉంటే ఆ ప్రశ్న పుట్టేది కాదేమో. తల్లి నిర్లక్ష్యాన్ని చూసి మండిపడి, పాలు పట్టే పద్ధతి నేర్పి, ఫైలు మూసేసేది. తొందరపడి తీర్పు చెప్పకుండా, ఏం జరుగుతోందోనని కలిసి తెల్లబోయే తీరిక ఆ బృందానికి ఉంది. రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ అన్న పేరు అప్పటికింకా స్థిరపడలేదు, పని మాత్రం అప్పటికే జరుగుతోంది.

మిషిగన్ రాష్ట్ర మానసిక ఆరోగ్య శాఖలో పనిచేసిన బెట్టీ టేబుల్‌మన్ ఈ పద్ధతిని ప్రభుత్వ సేవల్లోకి తీసుకురావడానికి పూనుకున్నారు. శిక్షణ పొందినవాళ్లంతా కలిసి 1977లో మిషిగన్ శిశు మానసిక ఆరోగ్య సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 1980లో ‘ఇన్ఫెంట్ మెంటల్ హెల్త్ జర్నల్’ మొదలైంది. ఫ్రైబర్గ్ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి అక్కడి జనరల్ హాస్పిటల్‌లో మరో కార్యక్రమం నెలకొల్పి, 1981లో కన్నుమూశారు.

అంతకు ముందరి మూలాలు

శిష్యుడు చూసే కేసులను గురువు దగ్గర చర్చించడం మనోవిశ్లేషణలో 1920లలోనే బెర్లిన్‌లో నియమంగా మారింది. శిశువుల విషయంలో మాత్రం అసలైన మలుపు లండన్‌లో వచ్చింది. టావిస్టాక్ క్లినిక్‌లో 1948లో ఎస్తర్ బిక్ శిశు పరిశీలనను పాఠంగా పెట్టారు. విద్యార్థి వారానికొకసారి ఒక ఇంటికి వెళ్లి గంటసేపు ఒకే బిడ్డను గమనించాలి. అలా రెండేళ్లు. అక్కడ సలహాలు ఇవ్వకూడదు, కూర్చుని రాసుకోకూడదు. ఇంటికి వచ్చాక జ్ఞాపకం నుంచి రాసి చిన్న బృందంలో చదవాలి. చదివేటప్పుడు బిడ్డ ఏం చేసిందన్నదానితో పాటు చూసేవారిలో ఏం కదిలిందన్నది కూడా మాట్లాడుకునేవారు. లండన్‌లోనే విల్‌ఫ్రెడ్ బియాన్ మరో ఆలోచన అందించారు. బిడ్డ తట్టుకోలేని భయాన్ని తల్లి తనలోకి తీసుకుని, అర్థం చేసుకుని, బిడ్డ భరించగల రూపంలో తిరిగి ఇస్తుందట. సూపర్‌వైజర్ ఉద్యోగి విషయంలో చేసేదీ దాదాపు ఇదే. 1950లలో మైకేల్ బాలింట్ అదే టావిస్టాక్‌లో సాధారణ వైద్యులను గుంపుగా కూర్చోబెట్టి, వాళ్లను ఇబ్బంది పెట్టే రోగుల గురించి మాట్లాడించారు. డొనాల్డ్ షోన్ 1983లో రాసిన ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్’ ఈ ధోరణికి విశ్వవిద్యాలయాల్లో గౌరవం తెచ్చింది. పని చేస్తూ ఆలోచించడం, చేశాక ఆలోచించడం అని ఆయన చేసిన విభజన నేటి శిక్షణల్లో తప్పక వినిపిస్తుంది.

సమాంతర ప్రక్రియ

ఈ పద్ధతిలో గుండెకాయలాంటి భావన ఇది. 1955లో హెరాల్డ్ సెర్ల్స్ అనే అమెరికన్ మనోవైద్యుడు ఒక విచిత్రాన్ని నమోదు చేశారు: చికిత్సకుడికీ రోగికీ మధ్య నడిచే తీరు, తెలియకుండానే చికిత్సకుడికీ సూపర్‌వైజర్‌కూ మధ్య కూడా నడుస్తుంది. 1958లో రుడాల్ఫ్ ఎక్‌స్టీన్, రాబర్ట్ వాలర్‌స్టీన్ తమ పుస్తకంలో దీన్ని విస్తరించి సమాంతర ప్రక్రియ అన్న పేరును స్థిరపరిచారు. ఏ దారీ తోచని తల్లి దగ్గర నుంచి వచ్చిన ఉద్యోగి తానూ దారి తోచక సూపర్‌వైజర్ ముందు కూర్చుంటుంది. అడిగిన ప్రతిదానికీ ‘అదీ చేసి చూశాను, లాభం లేదు’ అంటుంది. ఆ తల్లి ఉద్యోగితో అన్న మాటా సరిగ్గా ఇదే.

శిశు మానసిక ఆరోగ్య రంగం ఈ భావనను తిరగేసి వాడుకుంది. చెడు పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ పాకగలిగినప్పుడు, మంచి కూడా అలాగే పాకాలి కదా! ఫ్రైబర్గ్ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో కార్యక్రమాన్ని నడిపిన జెరీ పాల్ దీన్ని ఒక సూత్రంగా చెప్పారు. ఉద్యోగి తల్లితో ఎలా ఉండాలని కోరుకుంటామో, తల్లి బిడ్డతో ఎలా ఉండాలని కోరుకుంటామో, సూపర్‌వైజర్ ఉద్యోగితో అలాగే ఉండాలన్నది దాని సారాంశం. ఏం చేశామన్నది ఎంత ముఖ్యమో, చేసేటప్పుడు ఎలా ఉన్నామన్నది అంతే ముఖ్యమని ఆమె బోధన. విన్నప్పుడు మెత్తటి మాటలా అనిపించినా దీన్ని పాటించడం కష్టం. తానే పై అధికారి గద్దింపు తిని వచ్చిన సూపర్‌వైజర్ ఆ తర్వాతి గంటలో ఓర్పుగా వినాలంటే ఆ సూపర్‌వైజర్ మాట వినేవాళ్లూ ఒకరుండాలి. అందుకే నిలకడైన కార్యక్రమాల్లో సూపర్‌వైజర్లకు కూడా ఈ పర్యవేక్షణ ఉంటుంది.

మూడు ఆధారాలు

శిశు సంక్షేమం కోసం 1977లో ఏర్పడి, ప్రస్తుతం ‘జీరో టు త్రీ’ పేరుతో పనిచేస్తున్న సంస్థ 1992లో ఎమిలీ ఫెనికెల్ సంపాదకత్వంలో ఒక పుస్తకం వెలువరించింది. పర్యవేక్షణ నిలబడడానికి పునరాలోచన, సహకారం, క్రమబద్ధత అనే మూడు లక్షణాలు కావాలని అది చెప్పింది. తర్వాత వచ్చిన రచనలన్నీ ఈ మూడింటినే ఆనుకుని సాగాయి.

వీటిలో తేలికైనదిగా కనిపించేదీ, సంస్థల్లో ముందుగా దెబ్బతినేదీ క్రమబద్ధత. వారానికో, పదిహేను రోజులకో ఒకే రోజు, ఒకే వేళ, తలుపు మూసిన గది, మోగని ఫోను. అత్యవసరం వస్తే తప్ప వాయిదా ఉండకూడదు. పుట్టినప్పటి నుంచి ఎవరి మీదా నమ్మకం కుదరని తల్లుల దగ్గరికి ఉద్యోగి ప్రతి వారం చెప్పిన టైముకి వెళ్లడమే సగం చికిత్స. తన సూపర్‌వైజర్ మూడు వారాలుగా దొరకని ఉద్యోగి ఆ నిలకడను ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? సహకారం అంటే ఇద్దరికీ హోదాలో తేడా ఉన్నా, ఆ గంటలో ఏం మాట్లాడాలన్నది ఎక్కువగా ఉద్యోగి నిర్ణయించడం. పునరాలోచన అంటే ఏమిటో నిర్వచనం కంటే ఉదాహరణ బాగా చెబుతుంది.

ఒక గంట

ఈ రంగంలో తరచూ ఎదురయ్యే పరిస్థితులను కలిపి ఒక సందర్భాన్ని ఊహిద్దాం. హోమ్ విజిటర్ ఒకామె పందొమ్మిదేళ్ల తల్లి, నాలుగు నెలల పాప ఉన్న ఇంటికి వెళ్లి వచ్చింది. గదిలోకి వస్తూనే సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పేర్చింది. నిద్ర గురించి ఒకటి, పాల గురించి ఒకటి, టీవీ గురించి ఒకటి. ఇవన్నీ ఇచ్చినా ఆ అమ్మాయి ఒక్కటీ చదవలేదని గబగబా చెప్పుకుపోయింది. సూపర్‌వైజర్ కాగితాలు చూడలేదు. కాసేపు ఆగి, ‘చాలా మోసుకుని వచ్చారు’ అంది. ఉద్యోగి ఊపిరి వదిలి కుర్చీలో వెనక్కి వాలింది. ఆ ఇంట్లో మాట్లాడేది తానొక్కతేనని, ఆ అమ్మాయి ఫోను చూస్తూ ఊఁ కొడుతుందని, మాట్లాడే కొద్దీ తనకు ఇంకా మాట్లాడాలనిపిస్తుందని చెప్పింది.

‘మీరు మాట్లాడుతున్నప్పుడు పాప ఎటు చూస్తోంది?’

ఉద్యోగి నోరు తెరిచి ఆగిపోయింది. గుర్తు రాలేదు. పాప ఊయల కుర్చీలో ఉందని తెలుసు. గౌను రంగు కూడా గుర్తుంది. చూపు మాత్రం గుర్తు లేదు. గంటసేపు ఆ గదిలో ఉన్న ఇద్దరు పెద్దవాళ్లలో ఎవరూ పాపను చూడలేదన్న సంగతి అప్పుడు తట్టింది. సూపర్‌వైజర్ ఆ మౌనాన్ని చెరపలేదు. కొంతసేపటికి ఉద్యోగి మెల్లగా, ఆ ఇంట్లో ఊరుకుంటే తనకు భయం వేస్తుందని, ఆ నిశ్శబ్దం భరించలేక మాటలతో నింపుతున్నానని చెప్పింది. ఆ భయం ఎలాంటిదని సూపర్‌వైజర్ అడిగింది. ఎవరికీ పట్టనట్టు ఉంటుందని జవాబు వచ్చింది. ‘ఆ ఇంట్లో ఇంకెవరికైనా అలాగే అనిపిస్తూ ఉంటుందా?’ అన్నది తర్వాతి ప్రశ్న.

వచ్చే వారం ఏం చేయాలో సూపర్‌వైజర్ చెప్పలేదు. ఉద్యోగే కాగితాలు తీసుకువెళ్లనని, నేల మీద పాప పక్కన కూర్చుంటానని, తల్లిని ఆమె రోజు ఎలా గడిచిందో అడిగి ఆగుతానని అనుకుంది. ఉద్యోగి భావం ఇక్కడ ఆధారంగా పనికొచ్చింది. ఆమెకు కలిగిన ఒంటరితనం ఆ ఇంటి గాలిలోనిదే. ఆమె పాపను మరిచిపోవడం బద్ధకం వల్ల కాదు, ఆ ఇంట్లో అందరూ చేస్తున్న పనిని తానూ చేసింది. ‘పాపను పట్టించుకోండి’ అని మొదటి నిమిషంలో మందలించి ఉంటే, మరుసటి వారం ఆమె వెళ్లి అదే గొంతుతో ఆ అమ్మాయిని మందలించేది.

ఏది దీని పరిధి

ఉద్యోగి పర్యవేక్షణలో సాధారణంగా మూడు పాయలు ఉంటాయి. పరిపాలనా పర్యవేక్షణ హాజరు, రికార్డులు, నిబంధనలు చూస్తుంది. వైద్యపరమైన పర్యవేక్షణ కేసు నిర్ధారణ, చికిత్సా ప్రణాళిక, నైపుణ్యాలు చూస్తుంది. రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ వీటికి తోడు బంధాల మీద, భావాల మీద, ఉద్యోగి అనుభవం మీద దృష్టి పెడుతుంది. అలాగని ఇది ఉద్యోగికి చేసే మానసిక చికిత్స కాదు. ఉద్యోగి తన సొంత బాల్యం ప్రస్తావన తెస్తే, అది ఈ కుటుంబంతో చేసే పనికి ఎక్కడ తగులుతోందన్నంత వరకే మాట్లాడతారు. అంతకు మించి లోతుగా ఉంటే వేరే చోట సాయం తీసుకోమని సూచిస్తారు.

ఒకే మనిషి జీతం పెంపునూ నిర్ణయిస్తూ, మనసు విప్పమనీ అడిగితే చిక్కే. తల్లి మీద కోపం వచ్చిందని ఒప్పుకుంటే వార్షిక మూల్యాంకనంలో ఎక్కుతుందేమోనన్న జంకు ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు. అందుకే చాలామంది నిపుణులు ఈ రెండు పాత్రలనూ వేర్వేరు మనుషులకు అప్పగించడం మేలంటారు. చిన్న సంస్థలకు అది అన్నిసార్లూ సాధ్యపడదు. ఒక్కరే రెండూ చేయాల్సి వస్తే, కనీసం వేర్వేరు సమయాలు కేటాయించి, ఏది ఏ సమయమో ముందే చెప్పాలి. బిడ్డ ప్రాణానికి, ఒంటికి ముప్పు ఉందనిపించినప్పుడు మాత్రం సూపర్‌వైజర్ ప్రశ్నలు ఆపి సూటిగా ఆదేశించాల్సిందే. అమెరికాలో బాలలపై హింస జరుగుతోందన్న అనుమానం వస్తే అధికారులకు తెలియజేయడం ఈ ఉద్యోగులకు చట్టప్రకారం విధి. మెత్తగా వినడమే ఈ పద్ధతి అని అపోహపడేవారు ఈ భాగాన్ని మరవకూడదు.

రూపాలు, యోగ్యతలు

ఇద్దరే కూర్చోవడం మూలరూపం. నలుగురైదుగురు కలిసి కూర్చుని ఒకరి కేసును వినే గుంపు పద్ధతి ఖర్చు తగ్గిస్తుంది, ఒంటరితనాన్నీ తగ్గిస్తుంది. వీడియో కాల్ ద్వారా నడిపే పద్ధతి కోవిడ్ తర్వాత మామూలైంది. షికాగోలోని ఎరిక్‌సన్ ఇన్‌స్టిట్యూట్‌లో లిండా గిల్కర్సన్ రూపొందించిన ‘ఫ్యాన్’ నమూనాను కూడా చాలామంది వాడుతున్నారు. విపరీతంగా ఏడ్చే బిడ్డల కుటుంబాలతో చేసిన పనిలోంచి వచ్చిన నమూనా అది. ఎదుటివారు ఇప్పుడు భావంలో ఉన్నారా, ఆలోచనలో ఉన్నారా, ఏదైనా చేయాలన్న తొందరలో ఉన్నారా అని గమనించి, దానికి తగ్గట్టు స్పందించడం నేర్పుతుంది. బాధలో ఉన్నవారికి సమాచారం ఇస్తే చెవికెక్కదన్న చిన్న నిజం మీద అది నడుస్తుంది.

ఇళ్లకు వెళ్లే కార్యక్రమాల్లో పేరుపొందిన నర్స్-ఫ్యామిలీ పార్ట్‌నర్‌షిప్, డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో ప్రారంభించిన ప్రయోగం నుంచి ఎదిగింది. అందులో ప్రతి నర్సుకూ వారం వారం ఈ పర్యవేక్షణ ఉంటుంది. ఒక సూపర్‌వైజర్ కింద ఎనిమిది మంది నర్సులకు మించి ఉండకూడదన్నది నియమం. సంఖ్య పెరిగితే మొదట పోయేది వినే తీరిక అని వాళ్లకు తెలుసు.

మిషిగన్ సంఘం 2002లో ఉద్యోగుల యోగ్యతను గుర్తించే ఎండార్స్‌మెంట్ విధానం ప్రవేశపెట్టింది. దీని వెనుక డెబొరా వెదర్‌స్టన్ వంటివారి కృషి ఉంది. శిశు మానసిక ఆరోగ్య స్పెషలిస్టుగా గుర్తింపు కావాలంటే చదువు, అనుభవంతో పాటు కనీసం 50 గంటల రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్ పొంది ఉండాలి. తర్వాత అనేక రాష్ట్రాలు ఈ విధానాన్ని స్వీకరించాయి. ఈ పర్యవేక్షణను వృత్తి యోగ్యతలో విడదీయరాని భాగం చేయడం ఈ రంగం తీసుకున్న అతి గట్టి నిర్ణయమని చెప్పాలి.

ఎవరి కళ్లతో చూస్తున్నాం

తొలి తరం రచనల్లో జాతి, వర్గం, భాష గురించి ఎక్కువగా లేదు. 2012లో హ్యారిస్ ఫౌండేషన్ చొరవతో వెలువడిన వైవిధ్య సూత్రాలు ఆ లోటును ఎత్తిచూపాయి. ఆత్మపరిశీలనతోనే కుటుంబాలకు మెరుగైన సేవ సాధ్యమని వాటిలో మొదటి సూత్రం. ఇల్లు సర్దలేదన్న చిరాకు, బిడ్డను పక్కలో వేసుకుని పడుకోవడం తప్పన్న తీర్పు, మొగుడు మాట్లాడనిస్తేనే భార్య మాట్లాడుతోందన్న అనుమానం – వీటిలో ఎంత బిడ్డ క్షేమానికి సంబంధించింది, ఎంత చూసేవారి పెంపకం నుంచి వచ్చింది అన్నది సూపర్‌విజన్‌లో తేల్చుకోవాల్సిన విషయం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా తగిలే సంగతి. కాన్పుకి అమ్మమ్మో నాయనమ్మో భారతదేశం నుంచి వెళుతుంది. స్నానం, కాటుక, సాంబ్రాణి, జోల అన్నీ ఆమె చేతి మీద నడుస్తాయి. బాలింత మంచం దిగదు. పద్ధతి తెలియని హోమ్ విజిటర్‌కు ఆ తల్లి బిడ్డకు దూరంగా ఉంటున్నట్టు కనిపించవచ్చు. ఆ తీర్పును సూపర్‌విజన్‌లో ప్రశ్నించేవారు లేకపోతే అది రికార్డులోకి ఎక్కుతుంది. సందర్శక వీసా మీద వెళ్లినవారికి సాధారణంగా ఆరు నెలల గడువు దొరుకుతుంది. ఆ గడువు తీరి అమ్మమ్మ విమానం ఎక్కాక, ఆరేడు నెలల బిడ్డ తనకు అలవాటైన చేతులు పోగొట్టుకుంటుంది. తల్లికి ఒకేసారి దిగులు, ఉద్యోగం, బిడ్డ మూడూ మీద పడతాయి. అసలు గమనించవలసిన కష్టం అక్కడ ఉంటుంది. పద్ధతులను తప్పుపట్టే చూపుకు అది అందదు.

ఆధారాలు ఎంత బలమైనవి

ఈ పద్ధతి పొందినవారు తాము నిలదొక్కుకున్నామని, కుటుంబాలను మెరుగ్గా అర్థం చేసుకుంటున్నామని చెబుతారు. ఇంటర్వ్యూలు, ప్రశ్నావళుల మీద ఆధారపడిన అధ్యయనాలు ఎక్కువగా ఆ దిశలోనే ఉన్నాయి. ఇతరుల బాధను నిత్యం మోసేవారికి వచ్చే అలసటను చార్లెస్ ఫిగ్లీ వంటివారు 1990లలో వివరించాక, ఈ పర్యవేక్షణ ఆ అలసటను తగ్గిస్తుందా అన్నది ముఖ్యమైన ప్రశ్నగా మారింది. అయితే అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి, పోల్చి చూసే గుంపు లేనివి. సూపర్‌విజన్ వల్ల చివరికి బిడ్డకు ఎంత మేలు జరిగిందో విడదీసి కొలవడం మరీ కష్టం. మధ్యలో ఉద్యోగి, తల్లి, ఇల్లు, పేదరికం అన్నీ ఉన్నాయి. అసలు ఆ గదిలో జరుగుతున్నది రిఫ్లెక్టివ్ సూపర్‌విజనేనా అని తేల్చడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ‘రియోస్’ అనే పరిశీలనా కొలబద్దను తయారుచేశారు. సంభాషణలో బిడ్డ ప్రస్తావన ఎంత సజీవంగా ఉందన్నది దానిలో ఒక ముఖ్యాంశం. ఉద్యోగి గురించీ తల్లి గురించీ గంటసేపు మాట్లాడి బిడ్డను వదిలేసే సూపర్‌విజన్ ఈ కొలతలో నిలవదు.

ఆధారాలు బలహీనంగా ఉన్నాయన్న సాకుతో నిధులు కోసేవారికి ఒక మాట చెప్పాలి. శస్త్రచికిత్స నేర్చుకునే వైద్యుడి పక్కన అనుభవజ్ఞుడు నిలబడడానికి ఎవరూ ప్రయోగ ఫలితాలు అడగరు. గాయపడిన బంధం మధ్య కూర్చునే మనిషిని ఒంటరిగా పంపడమే మామూలు సంగతి అన్నట్టు చూడడం సరికాదు. అదే సమయంలో గట్టి పరిశోధన జరగాలని కోరడం ఈ రంగంవారి బాధ్యతే.

భారతదేశంలో

భారతదేశంలో శిశు మానసిక ఆరోగ్యం ఇంకా తొలి అడుగుల్లో ఉంది. బెంగళూరులోని నింహాన్స్‌లో 2009లో ప్రారంభమైన తల్లీబిడ్డల వార్డులో, ప్రసవం తర్వాత తీవ్ర మానసిక వ్యాధికి లోనైన తల్లులను బిడ్డతో సహా చేర్చుకుని చికిత్స చేస్తారు. తెలుగు రాష్ట్రాల నుంచి కూడా రోగులు వెళ్లే ఆసుపత్రి అది. గోవాలో సంగాత్ సంస్థ శిక్షణ ఇచ్చిన సామాన్య కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులను గుంపుగా విని, ఒకరికొకరు మార్కులు వేసుకుంటూ మెరుగుపరుచుకున్నారు. నైపుణ్యాన్ని కొలవడం దాని ప్రధాన లక్ష్యం కాబట్టి రిఫ్లెక్టివ్ సూపర్‌విజన్‌తో దాన్ని సమానం చేయలేం. కానీ నిపుణులు తక్కువున్న చోట తోటివారే ఒకరికొకరు చెవి ఒగ్గగలరని అది చూపింది.

పసిబిడ్డల ఇళ్లకు ఇక్కడ అందరికంటే ఎక్కువగా వెళ్లేది ఆశా కార్యకర్తలు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ కోసం మొదటి ఆరు వారాల్లో ఆరుసార్లు, ఇంట్లో పుడితే ఏడుసార్లు వెళ్లాలి. ఆ తర్వాత మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మరో అయిదుసార్లు. బరువు, ఉష్ణోగ్రత, బొడ్డు, పాలు, టీకాలు చూస్తారు. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద అంగన్‌వాడీ కార్యకర్తలు, వాళ్ల పైన సెక్టార్ సూపర్‌వైజర్లు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నెలనెలా జరిగే సెక్టార్ సమావేశాల్లో, పీహెచ్‌సీల్లోని ఆశా సమావేశాల్లో మాట్లాడేది ఎక్కువగా అంకెలు, యాప్‌లో ఎక్కించాల్సిన వివరాలు, రావలసిన సరుకులు. తన చేతుల్లో బరువు తూచిన బిడ్డ పది రోజులకు చనిపోతే, ఆ కార్యకర్తను కారణాల ఫారం నింపమంటారు. అత్తవారింట్లో ఆడపిల్ల పుట్టిందని మొహం తిప్పుకున్న బాలింత ఎదుట కూర్చుని వచ్చిన మనిషిని, ‘అక్కా, అక్కడ నీకేమనిపించింది?’ అని అడిగేందుకు అజెండాలో చోటు లేదు.

అమెరికా నమూనాను ఉన్నది ఉన్నట్టుగా తెచ్చుకోవడానికి మనకు అంతమంది నిపుణులు లేరు. గుంపు పద్ధతికి మాత్రం అవకాశం ఉంది. నెలవారీ సమావేశంలో రిజిస్టర్లు పక్కన పెట్టి ఒక గంట, ఒకరిద్దరి ఇళ్ల గురించి, పేర్లు చెప్పకుండా, మాట బయటికి పోదన్న హామీతో మాట్లాడుకోవచ్చు. దాన్ని నడిపేవారు జీతాన్నీ బదిలీనీ నిర్ణయించే అధికారి కాకూడదు. ముందుగా తాము కూడా మరొకరి దగ్గర కొన్నాళ్లు అలా కూర్చుని ఉండాలి. జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలకు చికిత్స చేసే ముందస్తు చికిత్సా కేంద్రాల్లో మనస్తత్వ నిపుణుల పోస్టులు ఉన్నాయి. వాటిని భర్తీ చేసి, వాళ్లకు నింహాన్స్ వంటి చోట శిక్షణ ఇప్పిస్తే ఆ గంటను నడిపేవారు జిల్లాలోనే దొరుకుతారు.